మా యారాలికి కరెంటు కొట్టిన తర్వాత

నేను ఆర్మూర్‌కు కోడలిగా వచ్చిన రోజు ఆ ఇంట్లో నాతో మొదట మాట్లాడింది మా యారాలు. మా వైపు తోటికోడలిని యారాలంటాం. ఆమె పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. అప్పగింతల దగ్గర ఏడ్చి ఏడ్చి నా మొహం ఉబ్బిపోయి ఉంది. చుట్టూ ఆడవాళ్లు చేరి నా గాజులూ చీర అంచూ పరిశీలిస్తుంటే తలవంచుకుని చాప మీద కూర్చున్నాను. ఆమె వచ్చి నా పక్కన చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అచ్చం మా నాన్న గొంతుతో, ముక్కు ఎగబీలుస్తూ, "బావా, పిల్లకు పొద్దుగాల లేసుడు అలవాటు లేదు, జర సూసుకోండ్రి" అంది. మా నాన్న మామ చేతులు పట్టుకుని అన్న మాట అదే. చివరి ముక్క గొంతులో ఇరుక్కుపోవడం కూడా అలాగే. నాకు ఏడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. కొత్త పెళ్లికూతురు అలా నవ్వకూడదని ఎవరో గద్దించారు. నవ్వితే మీ సొమ్మేం పోయిందని ఆమె వాళ్లందరినీ అవతలికి పంపేసింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

మాది పెర్కిట్ వైపు ఒక సందులో ఇల్లు. ఒకే కప్పు కింద రెండు వాటాలు, మధ్యలో గోడ, ముందు ఇద్దరికీ కలిపి ఒక వసారా. ఒక వాటాలో అక్కా బావా, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. ఇంకో వాటాలో మేమిద్దరం. మాకు పిల్లలు లేరు. నా పెళ్లయిన మరుసటి ఏడే మామ పోయాడు. అత్త ఎటు బుద్ధి పుడితే అటు పడుకునేది. బావ పసుపు గోదాముల్లో హమాలీ. మా ఆయన పెర్కిట్‌కూ ఆర్మూర్ బస్టాండుకూ మధ్య ఆటో నడుపుతాడు. నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి కొన్నాళ్లకు దగ్గర్లోని ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెప్పే పని దొరికింది. అంతకుముందు అక్కతో పాటు వసారాలో కూర్చుని బీడీలు చేసేదాన్ని.

బీడీల పని నడుము విరిచే పని. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, కొస మడిచి దారం కట్టాలి. పొద్దంతా అదే. అక్క ఉంటే ఆ పొద్దు ఎట్లా గడిచేదో తెలిసేది కాదు. ఆమె వేళ్లు వాటి పని అవి చేసుకుంటూ పోతుంటే, నోరు ఊరి జనాన్నంతా తెచ్చి వసారాలో నిలబెట్టేది. కార్ఖానాలో మా బీడీలు చూసి నచ్చనివి విసిరేసే ముసలాయన, పసుపు బేరం కుదరలేదని అలిగి వెళ్లినట్టే వెళ్లి చెప్పుల కోసం వెనక్కి వచ్చే దలాలు, పక్క సందు చర్చిలో పాట మధ్యలో ఆపి మనవడిని తిట్టి మళ్లీ పాట అందుకునే అవ్వ. గొంతుతో పాటు మనిషి నిలబడే తీరు, తల గోక్కునే తీరు కూడా ఆమెకు దొరికేవి. బావ బస్తా భుజానికి ఎత్తుకునే ముందు పీల్చే ఊపిరిని ఆయన ఎదుటే చేసి చూపించేది. ఆయన కసురుకుని పక్కకు తిరిగి నవ్వుకునేవాడు. అత్త కోపిష్టి మనిషి. ఆమె కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి వెళ్లి నవ్వేది.

దీన్ని మేము నకల్ చేసుడు అనేవాళ్లం. ఒకసారి మా సందులో ఒకామెకు భర్త పోయాడు. దినాలు దగ్గరపడుతున్నా ఆమె సరిగా అన్నం ముట్టడం లేదు. అక్క వెళ్లి ఆమె ముందు కూర్చుని, పోయినాయన తాగొచ్చి మెల్లగా, దొంగలాగా తలుపు కొట్టే తీరు చేసింది. ఆ మనిషి అక్క మొహంలోకి చాలాసేపు చూసి, నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే ఏడ్చింది. ఆ పూట పప్పు కలిపి పెడితే తిన్నది.

ఇది కొన్నేళ్ల కిందటి ఎండాకాలం మాట. ఆర్మూర్ గుట్టల రాళ్లు పగలంతా కాగి, చీకటి పడ్డాక ఆ వేడి మా మీద కక్కుతాయి. బావ ఆ ఏడు ఒక పాత రేకు కూలర్ తెచ్చి తమ వాటా కిటికీకి బిగించాడు. బడులు ఒంటిపూట కావడంతో మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. గోడ అవతల బకెట్ పడ్డ చప్పుడైంది. ఆ వెనకే సన్నగా, తెగకుండా ఒక మూలుగు. వెళ్లి చూస్తే అక్క కూలర్‌కు ఆనుకుని వంగి ఉంది. కుడిచెయ్యి రేకుకు అతుక్కుపోయింది. ఒళ్లంతా సన్నగా అదురుతోంది. నేలంతా నీళ్లు, ఆ నీళ్లలో ఆమె ఉత్త కాళ్లు. గడపలో ఆమె బిడ్డ నిలబడి ఉంది. అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ పిల్ల మొహం మీద చిన్న నవ్వు. అమ్మ ఎవరినో నకల్ చేస్తోందనుకుని, ఆ మనిషి ఎవరా అని పోల్చుకోవడానికి చూస్తోంది.

నేను వసారాలోకి పరుగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాను. అక్క బస్తా జారినట్టు కిందపడింది.

మా ఆయన ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం. దారిలోనే ఊపిరి సరిగా ఆడింది, కళ్లు తెరిచింది. గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు, ఆ రాత్రి ఉంచుకున్నారు. అరచేతిలో శనగగింజంత నల్లటి మచ్చ, ఎడమ మడమ మీద ఇంకొకటి. అంతే. గుండె బాగానే ఉంది, అదృష్టవంతురాలు అని చెప్పి ఇంటికి పంపించారు. చూడవచ్చిన ప్రతివాళ్లూ ఆ మచ్చ చూసి ఆశ్చర్యపోయారు. ఇంతేనా అన్నారు. ఫలానా ఊళ్లో ఫలానావాళ్లు కూలర్ ముట్టుకుని అక్కడికక్కడే పోయారని కథలు చెప్పారు. బావ కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. కూలర్ ఊడదీసి పాత సామాన్లవాడికి వేశాడు.

మొదట్లో ఆమె మాట్లాడటం తగ్గింది. చెవుల్లో ఈల మోగినట్టుందని, చెయ్యి తిమ్మిరెక్కుతోందని చెప్పేది. నిద్ర పట్టేది కాదు. భయపడి ఉంటుంది, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటుందని అనుకున్నాం. తర్వాత ఫ్యాను వద్దంది. ఎవరైనా స్విచ్ వేస్తే పరుగెత్తుకొచ్చి ఆపేది. ఆ ఎండల్లో, రేకుల కప్పు కింద, ఫ్యాను లేకుండా మనుషులు ఎట్లా ఉంటారు? బావ పగలంతా బస్తాలు మోసి వచ్చిన మనిషి. చాప తీసుకుని వసారాలో పడుకోవడం మొదలుపెట్టాడు. అత్త మా వాటాకు వచ్చేసింది.

ఆమెకు వచ్చిన మార్పును మేము మొదట పోల్చుకోలేకపోవడానికి ఆమె పాత గుణమే కారణం. ఒకరోజు పొద్దున అక్క వసారాలోకి వచ్చి, ఇవాళ సంతనా అని అడిగింది. కాదన్నాను. లోపలికి వెళ్లి మళ్లీ వచ్చి అదే మాట అడిగింది. మూడోసారి అడిగేసరికి అత్త నవ్వింది. సందు చివర ఒక ముసలామెకు మతిమరుపు, ప్రతిదీ పదిసార్లు అడుగుతుంది. అక్క ఆమెను నకల్ చేస్తోందని అత్త అనుకుంది. నేనూ అదే అనుకున్నాను, ఆమె బిడ్డా అదే అనుకుంది. అక్క మా నవ్వు ముఖాలను ఒక్కొక్కటిగా చూసింది. ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

బీడీలు పాడవసాగాయి. వేళ్లకు పని గుర్తే ఉంది. ఆకు చుట్టేది, దారం కట్టేది, లోపల తంబాకు పోయడం మరిచిపోయేది. కార్ఖానా ముసలాయన అక్కను ఎన్నో ఏళ్లుగా ఎరుగును. ఉత్త ఆకు బీడీలు చూసి, ఆటపట్టిస్తోందనుకుని, ఏం పరాష్కమమ్మా ఇది అని నవ్వాడట. అక్క బీడీల చాట ఆయన ముందు విసిరేసి వచ్చేసింది. ఇంటికొచ్చాక ఏమైందని అడిగితే, వాడు నన్ను దొంగన్నాడంది. నేను వెళ్లి ఆయనను అడిగి అసలు సంగతి తెలుసుకున్నాను. తిరిగొచ్చి చెప్తే, నువ్వు కూడా వాడి వైపేనా అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

వానలు మొదలయ్యాక జక్రాన్‌పల్లిలో మా దగ్గరి చుట్టాల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాలయ్యాక ఆడవాళ్లంతా కొత్త హాల్లో కూర్చున్నారు. అక్క చుట్టాల ఇళ్లకు వస్తే ఇది ఎప్పుడూ ఉండేదే. ఒకామె, నీ చేతికి కరెంటు కొట్టింది గాని నోటికి కొట్టలేదు గద, జర ఏదన్నా చెయ్యి అంది. అందరూ గోల చేశారు. నేను వద్దంటున్నాను, నా మాట ఎవరికీ వినబడటం లేదు. అక్క లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. నోరు తెరిచింది. ఏ మాటా రాలేదు. చుట్టూ నవ్వులు మొదలయ్యాయి, ఆ నిలబడటం కూడా నకలే అనుకున్నారు. ఆమె చేతులు గాలిలో ఏదో వెతికినట్టు తిరిగాయి. "నాకు వస్తలేదు" అంది. ఆ మాటకు ఇంకా నవ్వారు. పక్కనున్న ముసలి మేనత్త పొట్ట పట్టుకుని నవ్వుతూ ఆమె కాలు తట్టింది. అక్క వంగి ఆమె చెంప మీద కొట్టింది. గట్టిగా కొట్టింది. ముసలామె కళ్లద్దాలు ఎగిరి గోడ దగ్గర పడ్డాయి.

అక్క తన చేతిని తానే చూసుకుంటూ నిలబడింది. ఆమె బిడ్డ వంగి కళ్లద్దాలు ఏరి, చున్నీతో తుడిచి, మేనత్తకు ఇచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఇంటికి వచ్చాక బావ లోపల తలుపు వేసి అక్కను కొట్టాడు. గోడ అవతల నాకు అన్నీ వినబడ్డాయి. మా ఆయన వెళ్లి తలుపు బాదితే ఆగాడు.

ఆ తర్వాత ఎవరు తోచింది వాళ్లు చెప్పారు. గాలి సోకిందన్నారు ఒకరు. బాల్కొండ వైపు మంత్రం వేసేవాడున్నాడన్నారు. అత్త తీసుకెళ్లింది కూడా. వాడు వేపకొమ్మలతో కొడుతుంటే అక్క ఊరికే కూర్చుందట, దెబ్బలు తన మీద పడనట్టు. అత్త ఆ సంగతి చెప్తూ ఏడ్చింది. ఇంక అక్కడికి తీసుకుపోనంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, వసారాలో మేమిద్దరమే ఉన్నప్పుడు, అడగకుండానే అక్క చెప్పింది.

"తలకాయల మాట తయారైతది చెల్లె. నోటి దాక వచ్చేసరికి ఖాళీ అయితది. ఎవలన్న నవ్వితె ఎందుకు నవ్విన్రో సమజైతలేదు. నన్ను జూసే నవ్వినట్టుంటది. మస్తు కోపమొస్తది, తర్వాత బుగులైతది."

ఎందుకు భయమని అడిగాను. కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచనలోనే నా ప్రశ్న జారిపోయినట్టుంది. నేను మళ్లీ అడగలేదు.

బావను ఒప్పించి నిజామాబాద్‌లో నరాల, మెదడు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. తలకు స్కాన్ తీయించారు. ఆమె ఆ ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, ఇందులో ఏమీ లేదంది. బావ నా వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె అక్కను చాలా అడిగింది. కొన్ని మాటలు చెప్పి, కాసేపటికి మళ్లీ చెప్పమంది. ఒక బొమ్మ చూపించి అందులో ఏం జరుగుతోందో చెప్పమంది. బొమ్మలో ఒక పిల్లి గిన్నెలో మూతి పెడుతోంది, వెనక ఒకామె చీపురు ఎత్తింది. మా బడిలో చిన్నపిల్లలు కూడా అది చూసి నవ్వుతారు. అక్క చాలాసేపు చూసి, "ఆమె ఊడుస్తున్నది" అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

బావ అడగాలనుకున్నది చివరికి అడిగాడు. "నిజంగనే యాదికుంటలేదా డాక్టరమ్మా, లేకపోతే... ఈమెకు ముందునుంచీ యాక్టింగ్ అలవాటు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, ఆయనతోనే చెప్పింది. బయట కాలిన మచ్చ చిన్నదే గాని కరెంటు లోపల ఏ దారిన పోయిందో మనకు కనబడదని, స్కాన్‌లో కూడా కనబడకపోవచ్చని చెప్పింది. షాక్ తిన్నవాళ్లలో కొందరికి గుర్తుండటం, మాట వెతుక్కోవడం, ఒక పని మీద మనసు నిలపడం కష్టమవుతాయని, కోపం, దిగులు, భయం పట్టుకుంటాయని, కొన్నిసార్లు ఇవి ఆలస్యంగా బయటపడతాయని చెప్పింది. "ఈమె నటించడం లేదు. పిచ్చి కూడా కాదు. దెబ్బ తగిలింది, అంతే. మీరు ఎంత కసురుకుంటే అంత ముదురుతుంది." నిద్రకూ దిగులుకూ మందులు రాసింది. ఒకసారికి ఒక్క పనే చెప్పండి, గోలలోకి తీసుకెళ్లకండి అంది.

మందులతో నిద్ర వచ్చింది. చేతులు విసరడం తగ్గింది. కానీ బావ మనసులో ఆ ఫిల్ము ఉండిపోయింది. మిషినే ఏం లేదని చెప్పింది గద అని ఎవరు అడిగినా చెప్పేవాడు. ఆయన చెడ్డవాడని నేను రాయలేను. ఒకరోజు వసారాలో మా ఆయనతో అంటుంటే విన్నాను. "ఇంట్ల అడుగు వెడితె ఎవలో పరాయిది కూసున్నట్టున్నదిరా. మాట్లాడితె జవాబు రాదు. అది నన్ను ఎక్కిరించినా నాకు మంచిగనే ఉండె." ఆ తర్వాత కండువాతో మొహం తుడుచుకుని గోదాముకు వెళ్లిపోయాడు.

పసుపు సీజన్ వచ్చేసరికి ఆయన అక్కను ఆమె తమ్ముడి ఇంటికి పంపించేశాడు. తమ్ముడిది పోచంపాడ్, ప్రాజెక్టు నీళ్లలో చేపలు పడతాడు. కొన్నాళ్లుండి రానీ, నీళ్ల ఒడ్డున మనసు కుదుటపడుతుందన్నాడు బావ. బిడ్డకు పదో తరగతి పరీక్షలు, ఆ పిల్ల ఇక్కడే ఉండిపోయింది. పంపించే రోజు అక్క బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని, ఎన్ని రోజులని అడిగింది.

తమ్ముడి భార్య మంచిదే, కానీ ఆమెకు ముగ్గురు చిన్నపిల్లలు, చేపల పని. పొయ్యి మీద కూర మాడ్చిందని ఒకరోజు ఆమె ఏదో అందట. మర్నాడు అక్క ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. తమ్ముడు ఫోన్ చేసి చెప్పేసరికి మధ్యాహ్నమైంది. బస్సు ఆర్మూర్ దాటి ఎప్పుడో వెళ్లిపోయింది, ఆమె రాలేదు. మా ఆయనా నేనూ ఆటోలో బస్టాండంతా వెతికి, హైవే మీద బస్సులాగే ఒక్కో స్టేజీ చూసుకుంటూ వెళ్లాం. జక్రాన్‌పల్లి దగ్గర రోడ్డు పక్క హోటల్ బయట, బల్ల మీద కూర్చుని కనబడింది. సంచి ఒళ్లోనే ఉంది. తన ఊరి స్టేజీ వచ్చినప్పుడు దిగాలని తెలియలేదు. కండక్టరు ఇక్కడ దించేసి, అటు పోయే బస్సెక్కమన్నాడు. ఎటు అనేది ఆమెకు అర్థం కాలేదు. రోడ్డు దాటాలా వద్దా అని పొద్దంతా ఆలోచిస్తూ కూర్చుంది. హోటలామె పెట్టిన ఇడ్లీ చల్లబడి ఆకు మీద అలాగే ఉంది.

నేను పక్కన కూర్చున్నాను. లారీలు పోతుంటే బల్ల అదురుతోంది. అక్క నా చెయ్యి పట్టుకుంది. మచ్చ ఉన్న అరచెయ్యి గరుకుగా తగిలింది.

"నేను నకల్ చేస్తలేనే చెల్లె" అంది. "మీ బావకు చెప్పు. బిడ్డకు సుత జెప్పు. నిజంగనే నాకు తొవ్వ దెల్వలేదు."

ఇంటికి తీసుకొచ్చాను. బావ వసారాలోనే ఉన్నాడు. సంచి చూశాడు, ఆమెను చూశాడు, లేచి బయటికి వెళ్లాడు. నేను అక్క సంచిని మా వాటాలో పెట్టాను. అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు కూడా, ఇంక ఆమె ఇక్కడే ఉంటుందని చెప్పాను. ఆ వారం మా ఆయన లోపలి గదిలో ఫ్యాను విప్పేసి, ఆమెకు ఆ గది ఇచ్చాడు. ఇల్లు రెండు వాటాలుగానే ఉంది, మనుషులు మాత్రం మారారు. గోడకు అవతల తండ్రీ బిడ్డా, ఇవతల మేమూ అక్కా. అత్త రెండు పొయ్యిల దగ్గరా వండేది.

బిడ్డ సంగతి చెప్పడం కష్టం. ఆ పిల్ల రోజూ బడి నుంచి రాగానే అమ్మ దగ్గర కాసేపు కూర్చునేది. పాఠం చదివి వినిపించేది. అక్క వింటున్నట్టే ఉండి మధ్యలో లేచి వెళ్లిపోయేది. ఒకరోజు పిల్ల నా దగ్గరికి వచ్చి, "చిన్నమ్మా, ఆ రోజు నేను నవ్వుకుంట నిలవడ్డ" అంది. ఏ రోజని నేను అడగలేదు. నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు అన్నాను. ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో డిగ్రీ సీటు వస్తే హాస్టల్‌కు వెళ్లింది. వెళ్లాలని తొందరపడింది. ఆ తొందర నాకు తెలుస్తూనే ఉంది, తప్పు పట్టబుద్ధి కాలేదు.

పోయిన ఏడు ఎండాకాలం అత్త పోయింది. ఆడబిడ్డలు దూరం నుంచి రావాలని, శవాన్ని ఉంచడానికి అద్దాల ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. వసారాలో పెట్టి, కిటికీలోంచి వైరు లాగి, లోపలి ప్లగ్గుకు పెట్టారు. అక్క అప్పటిదాకా గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. అత్తయ్య పోయిందని పొద్దున చెప్తే తలూపింది. ఒక చుక్క కన్నీరు పెట్టలేదని చుట్టాలు గుసగుసలాడటం నాకు వినబడింది. ఆడబిడ్డలు దిగి, చేతులు కాళ్లు కడుక్కుని, ఏడుస్తూ వచ్చి పెట్టె మీద పడ్డారు. తడి చేతులు, తడి కాళ్లు. పెట్టె గుర్రుమని చప్పుడు చేస్తోంది.

అక్క గదిలోంచి అరుస్తూ వచ్చింది. "ముట్టకుండ్రి" అంటూ ఆడబిడ్డలను వెనక నుంచి జబ్బలు పట్టి లాగింది. పెద్దామె కిందపడింది. ఎవరో అక్కను పట్టుకున్నారు, ఆమె వాళ్లను విదిలించుకుని మళ్లీ పెట్టె దగ్గరికి వచ్చి, అద్దం మీద చేతులు పెట్టినవాళ్లందరినీ నెట్టేస్తోంది. తను మాత్రం పెట్టెను తాకడం లేదు. శవం దగ్గర ఈ పిచ్చి ఏమిటని, లోపల వేసి గడియ పెట్టమని మగవాళ్లు కేకలేశారు. నేను జనంలోంచి ఆమె దగ్గరికి చేరలేకపోతున్నాను.

బావ వాకిట్లో పాడె కడుతున్నవాళ్ల దగ్గర ఉన్నాడు. మెట్లెక్కి వసారాలోకి వచ్చాడు. అక్క మీదికి వస్తున్నాడనుకున్నాను. ఆయన ఆమెను దాటి కిటికీ దగ్గరికి వెళ్లి, చెయ్యి లోపలికి పెట్టి, వైరు పీకేశాడు. పెట్టె చప్పుడు ఆగిపోయింది. "వద్దు తియ్యి. ఐస్ గడ్డలు దెప్పిద్దాం" అన్నాడు ఎవరికో. అంతే అన్నాడు. మా ఆయన ఆటో తీసుకుని వెళ్లి, గోనెసంచుల్లో ఐస్ దిమ్మలు తెచ్చాడు. సాయంత్రం దాకా ఐసు కరిగి వసారా మెట్ల మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అక్క అత్త కాళ్ల దగ్గర కూర్చుని, కరిగిన చోట గోనె సర్దుతూ ఉంది.

దీంతో బావ మారిపోయాడని అనుకోవద్దు. ఆ రోజు తర్వాత కూడా ఆయన అక్కతో మాట్లాడేది తక్కువే. తిండి వేళకు గిన్నె తీసుకుని మా వాటా గడపలోకి వస్తాడు, నేను వడ్డిస్తాను, తీసుకుని వెళ్తాడు. అక్క ఎదురుపడితే పక్కకు జరుగుతాడు. కొట్టడం మాత్రం లేదు, మిషిన్ మాట ఎత్తడం లేదు.

పసుపు రోజుల్లో అక్క మా సందు వెనక ఉన్న కళ్లంలో పనికి పోతుంది. ఉడికించి ఎండబెట్టిన పసుపులో కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి దుంపలు ఒక కుప్ప వేరుచేసే పని. మాట్లాడాల్సిన పని లేదు, ఒకటే పని. మిగతా ఆడవాళ్లకు కొంచెం దూరంగా కూర్చుంటుంది, వాళ్లు నవ్వుకుంటే చెయ్యి ఆపి అటు చూస్తుంది. ఎవరూ ఏమీ అనకూడదని ఆ కళ్లం ఆసామి భార్య మిగతావాళ్లకు చెప్పి పెట్టింది. వారంలో ఒకటి రెండు సార్లు ఏ కారణమూ లేకుండా ఏడుస్తుంది. ఎందుకంటే తెలియదంటుంది. ఒక్కోసారి నన్ను కూడా తిడుతుంది, నేనూ ఒక్కోసారి ఎదురు తిడతాను. మర్నాటికి ఆ కోపం ఇద్దరికీ ఉండదు, ఆమెకు నిజంగానే గుర్తుండదు.

మొన్న నిజామాబాద్ వెళ్లినప్పుడు డాక్టరమ్మ మళ్లీ అవే పరీక్షలు చేసింది. మాటలు కొన్ని ఎక్కువే గుర్తుపెట్టుకుంది అక్క. రావాల్సింది చాలావరకు వచ్చేసింది, మిగతాది ఇట్లాగే ఉండొచ్చు, మందులు ఆపకండి అని డాక్టరమ్మ నాతో చెప్పింది. దాపరికం లేకుండా అక్క ముందే చెప్పింది. అక్క మందుల చీటీ మడిచి నా చేతికిచ్చింది. బయట ఎండ మండిపోతోంది. బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. ఊరు దాటేసరికి తల నా భుజం మీద వాల్చి నిద్రపోయింది. పెర్కిట్ వచ్చేదాకా లేపలేదు.